వంద కౌంటు

తెల్లారి నాలుగింటికి
ఉండి రోడ్డు మీద షెడ్డు బస్సు ఎక్కుతాం.
ఎనిమిదయ్యేసరికి
మా వేళ్లు మావి కావు,
ఐసు తీసేసుకుంటుంది.
తల తుంచు, తోలు ఒలువు, నరం లాగు,
తొట్టెలో వెయ్యి.
వెనక నుంచి సూపర్‌వైజరు కేక:
కౌంటు చూసుకోండి, కౌంటు!

కౌంటంటే
కిలోకి ఎన్ని తూగితే అంత.
అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది.
మాకు కాటా అక్కర్లేదు.
రెండు వేళ్ల మధ్య ఇలా పట్టుకుంటే
అరవయ్యో, డెబ్భయ్యో,
మొద్దుబారిన వేళ్లయినా చెప్పేస్తాయి.

నా పక్క బల్ల పల్లాలమ్మప్పది.
కిందటేడు వానల్లో
ఎడం చెయ్యి పైకెత్తడం మానేసింది.
బస్సు కడ్డీ కుడిచేత్తోనే పట్టుకునేది.
అడిగితే వాతం అంది.
జాకెట్టు లోపల పసుపూ సున్నమూ
గుడ్డలో కట్టుకు తిరిగిందని తర్వాత తెలిసింది.
వాసన కూడా వచ్చే ఉంటుంది.
రొయ్యల షెడ్డులో
ఎవరికి ఏ వాసన తెలుస్తుంది?

ఆవిడ దినం నాడు
నూకరత్నం నా చెవిలో అంది,
రొమ్ములో గడ్డంట.
అనేసి అటూ ఇటూ చూసింది.
మగాడు రొమ్ము విరుచుకు నడిస్తే
ఊరంతా చూస్తుంది కదా,
అదే మాట మా నోట
గుసగుస ఎందుకైందో.

సువార్త మా పేట ఆశా వర్కరు.
ఓ ఆదివారం నలుగురిని కూచోబెట్టి
తవుడు మూట ఒకటి చేతికిచ్చింది.
"లోపల చింతగింజ ఉంది, తడిమి పట్టండి."
వేలి కొసలతో పొడిచాను. దొరకలేదు.
"కొసలు కాదు వదినా, మూడువేళ్ల మెత్తన.
సున్నా చుట్టినట్టు, చంక దాకా.
నెలసరి తగ్గిన నాలుగు రోజులకి.
ముట్లుడిగినోళ్లు నెలకో తేదీ పెట్టుకోండి.
అద్దంలోనూ చూసుకోండి,
ఎక్కడైనా సొట్టపడిందా, మొన లోపలికి పోయిందా అని."
నొప్పి లేకపోతేనో?
"లేకపోయినా వెళ్లాలి.
చాలా గడ్డలు ఉత్త గడ్డలే.
ఏది ఉత్తదో చెప్పాల్సింది డాక్టరు,
నువ్వూ కాదు, నేనూ కాదు."

ఆ రాత్రి
పొయ్యి సెగకి చేతులు కాచుకున్నాను,
వేళ్లకి ప్రాణం వచ్చేదాకా.
కుడివైపు, చంక దిగువన.
నొప్పి లేదు.
నొక్కితే కదల్లేదు.
నా కంటే ముందు నా వేళ్లే అనేశాయి:
వంద.

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు.
చీటీ కట్టాలి, పిల్ల పరీక్షలు,
షెడ్డు మానితే ఆ రోజు కూలి పోతుంది.

పన్నెండో రాత్రి
మా ఆయన చెరువు కాపలా నుంచి వచ్చాడు,
రైతుని తిట్టుకుంటూ.
"వైట్‌స్పాట్ కనపడిందే!
ముప్పై కౌంటు దాకా ఆగుదామంటాడు.
ఆగితే చెరువే పోద్ది.
వందకే పట్టుబడి చేసెయ్యాలి.
రోజుకి నాలుగుసార్లు చెక్‌ట్రే లేపి చూసేది
ఎందుకంట మరి?"

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.
నాదీ వందే, అన్నాను.
అతనికి అర్థం కాలేదు.
చెయ్యి పట్టుకుని
అక్కడ పెట్టాను.

ఏలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఎంత ఉంటుందమ్మా, అంది.
ఆయ్, వంద కౌంటండి.
తెల్లబోయింది.
పక్కనున్న నర్సుది మొగల్తూరట,
"రెండు సెంటీమీటర్లు మేడం,
వొలిచి, ముడుచుకున్నది" అంది,
నవ్వాపుకుంటూ.
ఆ గదిలో నేనూ నవ్వాను. అదొక్కసారే.

సూది. ఫోటో. కాగితం.
అదే.
చిన్నగానే దొరికిందన్నారు.
కోశారు, మందులెక్కించారు,
జుట్టంతా దువ్వెనతో వచ్చేసింది.
షెడ్డులో అందరి నెత్తినా టోపీలే,
తిరిగొచ్చాక ఎవరికీ తేడా తెలియలేదు.
నేనే చెప్పాను,
ఐసు మిషను మోత మీద వినపడేలా,
ఆ మాట దాచకుండా.

ఇప్పుడు పల్లాలమ్మప్ప బల్ల దగ్గర
కొత్త పిల్ల నిలబడుతోంది.
టీ వేళ గ్లాసు అందుకుని
గబగబా తాగెయ్యబోతుంది.
ఆగవే, అంటాను.
రెండు చేతుల్తో పట్టుకో ఇంకాసేపు.
వేళ్లు తిరిగొచ్చాయా?